లారీ 1, స్ట్రిప్ పోకర్: పాత పెద్దల ఆటల్ని ఎమ్యులేటర్‌లో సరిగ్గా నడపడం, వాటి లోపలి పనితనం

పాతడిస్కు
డాస్‌బాక్స్‌లో (పాత డాస్ పీసీని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్) లారీ 1 (లీజర్ సూట్ లారీ మొదటి ఆట) పెట్టాను. 1987 నాటి 16 రంగులది, టైప్ చేసి ఆడేది. 1991లో మౌస్‌తో వచ్చిన రీమేక్ కాదు. ఇవీ ఇబ్బందులు: వయసు అడిగాక 60లు, 70ల నాటి అమెరికా రాజకీయాలు, టీవీ షోల మీద ప్రశ్నలేస్తుంది, తప్పితే బయటికి గెంటేస్తుంది. పాట ఒకే బీప్‌లా వస్తోంది. బొమ్మలో మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. స్పీడ్ ఫాస్టెస్ట్‌లో పెడితే మనిషి గోడ నుంచి గోడకి ఎగిరిపోతున్నాడు.
కమడోర్ 64 (1980ల నాటి హోమ్ కంప్యూటర్) స్ట్రిప్ పోకర్ (ఓడితే బట్టలు విప్పే పేకాట) అయితే ఆ మెషిన్ ఎమ్యులేటర్ వైస్‌లో లోడింగ్ దగ్గరే ఆగిపోయింది.
ఇంకో ఫిర్యాదు. ఈ ఆటల గురించి ఎక్కడ చదివినా వెకిలి నవ్వులే. 170 కిలోబైట్ల డిస్క్‌లో అన్ని బొమ్మలు ఎలా పట్టించారో ఒక్కరూ రాయరు. ఇక్కడ తెలిసినవాళ్లుంటే వివరంగా చెప్పండి.

ట్యాండీ_1000
వయసు ప్రశ్నలకి ఆల్ట్-ఎక్స్ నొక్కండి, నేరుగా ఆటలోకి పోతారు. రీమేక్‌లో అయితే కంట్రోల్-ఆల్ట్-ఎక్స్.
పాటకి: కాన్ఫిగ్ ఫైల్లో మెషిన్ విలువ ట్యాండీ (మంచి సౌండ్ చిప్ ఉన్న పాత పీసీ రకం) అని మార్చండి. లారీ తెచ్చిన సియెర్రా సంస్థ ఏజీఐ అనే ఇంజన్‌తో చేసిన ఆటల్లో పాటకి మూడు స్వరాలు, ఒక నాయిస్ ఛానెల్ ఉంటాయి. మామూలు పీసీ స్పీకర్‌కి ఒక్క స్వరమే పంపిస్తుంది. ట్యాండీ, పీసీజూనియర్ చిప్ కనిపిస్తే నాలుగూ వాయిస్తుంది. ఫైల్లో ఉన్న సంగీతంలో పెద్ద భాగం మీకు ఇప్పటిదాకా వినపడనే లేదు.
పొట్టి మనుషులకి: రెండర్ విభాగంలో యాస్పెక్ట్ ఆన్ చెయ్యండి. 320×200 తెర అప్పటి 4:3 మానిటర్ మీద నిలువుగా సాగేది, ఒక్కో చుక్క వెడల్పు 1 అయితే ఎత్తు 1.2. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలంటే అడ్డంగా 5 రెట్లు, నిలువుగా 6 రెట్లు పెంచండి. సరిగ్గా 1600×1200 వస్తుంది, అంచులు మసకబారవు.

గోదారి_గట్టు
స్పీడ్ సంగతి. ఏజీఐలో 10వ నంబర్ వేరియబుల్ ఒకటుంది. ఇంజన్ ఆటని నడిపే ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య ఎంతసేపు ఆగాలో సెకనులో 20వ వంతుల లెక్కన అందులో ఉంటుంది. ఫాస్టెస్ట్ అంటే అది సున్నా, ఇక ప్రాసెసర్ ఎంత లాగగలిగితే అంత. 4.77 మెగాహెర్ట్జ్ ఎక్స్‌టీ మీద అది హాయిగా ఉండేది. డాస్‌బాక్స్‌లో సైకిల్స్ (అనుకరించే ప్రాసెసర్ వేగం) 3000 దగ్గర ఫిక్స్ చేసి, ఆటలో స్పీడ్ నార్మల్‌లో ఉంచండి. సైకిల్స్ మ్యాక్స్‌లో పెట్టి ఆటని తిట్టుకోవద్దు.

రామప్ప_రెట్రో
డాస్‌బాక్స్ గొడవెందుకన్నా, స్కమ్‌వీఎంలో పెట్టుకో. అన్నీ అదే చూసుకుంటది.

గోదారి_గట్టు
@రామప్ప_రెట్రో ఆడుకోవడానికైతే నీ మాటే. కానీ ఆట డేటాని చదివి నడిపే సియెర్రా అసలు ప్రోగ్రామ్, అంటే ఇంటర్‌ప్రెటర్, ఎలా నడుస్తుందో చూడాలనుకునేవాడికి స్కమ్‌వీఎం పనికిరాదు. అది డేటా ఫైళ్లు మాత్రమే తీసుకుని తన సొంత ఇంజన్‌తో నడిపిస్తుంది. ఆటలోని పాత బగ్గుల్లో కొన్నింటికి ప్యాచ్‌లు కూడా వేసేస్తుంది. ఆయన అడిగింది లోపలి పనితనం.

కాపలాదారు (మోడరేటర్)
ముందే చెప్పేస్తున్నా. డౌన్‌లోడ్ లింకులు వద్దు, నగ్న బొమ్మల స్క్రీన్‌షాట్లు వద్దు. మన దగ్గర ఐటీ చట్టం సెక్షన్ 67 అశ్లీల సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం, పంపించడం నేరమంటుంది. మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఎనిమిది బిట్ల బొమ్మ కదా అని మినహాయింపేమీ లేదు. టెక్నికల్ చర్చ ఎంతైనా చేసుకోండి. లారీ ఆటలు ఇప్పటికీ గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో డబ్బుకి దొరుకుతున్నాయి, కొనుక్కోండి.

సిడ్_చిప్
స్ట్రిప్ పోకర్ ఆగిపోవడానికి రెండు కారణాలుంటాయి.
ఒకటి, వైస్‌లో ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ ఆఫ్‌లో ఉండి, వర్చువల్ డివైస్ ట్రాప్స్ ఆన్‌లో ఉండటం. ఫాస్ట్ లోడర్ (డిస్క్‌ని త్వరగా చదివే కోడ్) ఉన్న ఆట, కమడోర్ ఫ్లాపీ డ్రైవ్ 1541లోని ప్రాసెసర్‌కి సొంత కోడ్ పంపిస్తుంది. డ్రైవ్ నిజంగా ఎమ్యులేట్ కాకపోతే ఆ కోడ్ నడిచేదెక్కడ? ట్రూ డ్రైవ్ ఆన్, ట్రాప్స్ ఆఫ్ చేసి చూడండి.
రెండోది, మీ దగ్గరున్న డిస్క్ కాపీ డీ64 ఫైల్ కావచ్చు. అందులో చదివి, డీకోడ్ చేసిన సెక్టర్లు మాత్రమే ఉంటాయి. కాపీ రక్షణ కోసం కావాలని పాడుచేసిన ట్రాకులు, తేడా సింక్ గుర్తులు అందులోకి రావు. వాటినీ ఉంచే జీ64 ఫైల్ కావాలి.
డేటా డిస్క్ అడిగినప్పుడు 8వ డ్రైవ్‌లోనే మార్చండి. 9లో పెడితే ఆట అటు చూడను కూడా చూడదు.

సిడ్_చిప్
ఇంకోటి మర్చిపోయా. మార్‌టెక్ 1986లో తెచ్చిన సమంతా ఫాక్స్ స్ట్రిప్ పోకర్ కూడా ఆడే ఉద్దేశం ఉంటే ప్యాల్ (బ్రిటన్ టీవీ పద్ధతి) మోడల్ పెట్టండి. అది బ్రిటన్ ఆట. సంగీతం రాబ్ హబ్బర్డ్‌ది, పేరు మాత్రం జాన్ యార్క్ అని వేసుకున్నాడు. ప్యాల్‌లో సెకనుకి 50 సార్లు నడవాల్సిన పాట అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో 60 సార్లు నడుస్తుంది. 20 శాతం వేగం పెరిగి తాళం పరుగు పెడుతుంది. హబ్బర్డ్ బాణీని అలా వినకూడదు.

సత్తెనపల్లి_8బిట్
ఇక బొమ్మలు ఎలా పట్టించారన్నది. కమడోర్ 64 లెక్క చూద్దాం.
మల్టీకలర్ బిట్‌మ్యాప్ అంటే 160×200, చుక్క రెండింతల వెడల్పు. బిట్‌మ్యాప్‌కి 8000 బైట్లు, స్క్రీన్ ర్యామ్‌కి 1000, కలర్ ర్యామ్‌కి 1000, బ్యాక్‌గ్రౌండ్ రంగుకి 1. మొత్తం 10,001. కోవాలా అనే బొమ్మల ఫార్మాట్ ఫైల్‌గా దాస్తే లోడ్ అడ్రస్‌కి ఇంకో 2. డిస్క్‌లో ఒక బ్లాక్‌కి 254 బైట్ల డేటా, అంటే బొమ్మకి 40 బ్లాకులు. ఖాళీ 1541 డిస్క్ మీద 664 బ్లాకులు. ప్రోగ్రామ్ అసలు లేకుండా బొమ్మలే నింపినా 16 దాటవు.
ఇద్దరు ప్రత్యర్థులు, ఒక్కొక్కరికి అయిదారు దశలు అనుకోండి, డిస్క్‌లో మూడొంతులు నిండిపోతుంది. కొత్త ప్రత్యర్థుల్ని వేరే డేటా డిస్కులుగా అమ్మడానికి సాంకేతికంగా కారణం అదే. ప్రోగ్రామ్ ఒకటే, బొమ్మల డిస్క్ మారుతుంది. ఆర్ట్‌వర్క్స్ వాళ్లు 1982లో తెచ్చిన స్ట్రిప్ పోకర్‌కి ఈ పద్ధతే వాడారు.
ఇక వేగం. ఫాస్ట్ లోడర్ లేని 1541 సెకనుకి 400 బైట్లకి అటూ ఇటూ. 10,003 బైట్లు రావడానికి 25 సెకన్లు. తెర ఆన్‌లో ఉంచి లోడ్ చేస్తే బొమ్మ పైనుంచి కిందికి, 8 చుక్కల ఎత్తున్న గళ్ల వరసలుగా దిగుతుంది. పైగా కలర్ ర్యామ్ ఫైల్లో చివర ఉండటంతో రంగులు ఆఖర్న పడతాయి, అప్పటిదాకా చెత్త రంగులే. ఇది ఇష్టపడనివాళ్లు తెర ఆపేసి, మొత్తం వచ్చాక ఒక్కసారి చూపించేవాళ్లు.

పాతడిస్కు
@సత్తెనపల్లి_8బిట్ నాకు కావలసింది ఇదే. కంప్రెషన్ వాడలేదా మరి?

సత్తెనపల్లి_8బిట్
వాడొచ్చు, కానీ రకాన్ని బట్టి. చేత్తో గీసిన బొమ్మలో ఒకే రంగు పరిచిన చోట్లు ఎక్కువ, ఒకే బైట్ వరసగా ఎన్నిసార్లు వచ్చిందో రాసే పద్ధతి బాగా పనిచేస్తుంది. కెమెరాతో డిజిటైజ్ చేసి చుక్కలు చల్లిన బొమ్మలో పక్కపక్క బైట్లు ఒకేలా ఉండవు. దానిమీద ఈ పద్ధతి వాడితే ఒక్కోసారి ఫైల్ సైజు పెరుగుతుంది కూడా.

యాపిల్_2ఈ
యాపిల్ 2 వైపు ఒక చక్కటి చిట్కా ఉంది. హైరెస్ తెర 280×192, మెమరీలో 8192 బైట్లు. యాపిల్ వాళ్ల డాస్ 3.3లో బీసేవ్ (మెమరీని ఫైల్‌గా దాచే ఆదేశం) చేస్తే మొదట్లో అడ్రస్, పొడవు కోసం 4 బైట్లు చేరతాయి. 8196 అయ్యేసరికి 256 బైట్ల సెక్టర్లు 32 చాలక 33 అవుతాయి. ఫైల్ ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే ట్రాక్-సెక్టర్ జాబితాకి ఇంకోటి, మొత్తం 34.
ఆ తెర మెమరీలో ప్రతి 128 బైట్లకీ 8 బైట్లు తెర మీద కనపడవు. చివరి 8 కూడా అలాంటివే. అందుకని 8192 బదులు 8184 బైట్లే సేవ్ చెయ్యాలి. 4 కలిపినా 8188, 32 సెక్టర్లలో సరిపోతుంది. జాబితాతో కలిపి 33.
డాస్ ఉన్న ఖాళీ డిస్క్ మీద 496 సెక్టర్లు. 34 లెక్కన 14 బొమ్మలు, 33 లెక్కన 15. కనపడని 8 బైట్లు వదిలేస్తే డిస్క్‌కి ఒక బొమ్మ లాభం. బొమ్మలే సరుకైన ఆటకి అది చిన్న విషయం కాదు.

రామప్ప_రెట్రో
8 బైట్లకి ఒక బొమ్మ! మన రియల్ ఎస్టేటోళ్లు గూడ ఇంత గీసి బేరం చెయ్యరు.

జెడ్80_మణి
బ్రిటన్ హోమ్ కంప్యూటర్ స్పెక్ట్రమ్‌ని మర్చిపోయారు. 256×192, బిట్‌మ్యాప్ 6144, రంగులకి 768, మొత్తం 6912 బైట్లు. క్యాసెట్ నుంచి ఒక తెర రావడానికి 40 సెకన్లు. 8×8 గడికి రెండే రంగులు, ఆ రెండూ ఒకే వెలుగులో ఉండాలి.
అసలు చిక్కు చర్మం రంగు. స్పెక్ట్రమ్‌లో ఉన్న 15 రంగుల్లో ఒక్కటీ దానికి దగ్గర్లో ఉండదు. పసుపు వేస్తే కామెర్లు, మెజెంటా వేస్తే కాలిన గాయం. అందుకని డిజిటైజ్ చేసిన ముఖాల్ని ఒకే ఇంక్ (ముందు రంగు), ఒకే పేపర్ (వెనక రంగు)తో నలుపు-తెలుపు చుక్కల్లో వదిలేయడమే మంచి పద్ధతి. కమడోర్‌లో గోధుమ, నారింజ, లేత ఎరుపు, పసుపు ఉండటంతో నీడ నుంచి వెలుగు దాకా నాలుగు మెట్లు దొరుకుతాయి. ఒకే ఆట రెండు మెషిన్ల మీద అంత తేడాగా కనపడటానికి కారణం బొమ్మలేసినవాళ్ల చేతకానితనం కాదు.

బీబీసీ_బడి
బీబీసీ మైక్రో బాధ ఇంకోటి. మోడల్ బీలో ర్యామే 32 కె. మోడ్ 1 పెట్టి 320×256లో నాలుగు రంగులు కావాలంటే తెరకే 20 కె పోతుంది. మిగిలిన దాంట్లో సిస్టమ్ వాటా తీసేస్తే పేకాట తెలివికి చోటెక్కడ? మోడ్ 5కి దిగితే తెర 10 కె, కానీ 160 చుక్కలే. మన దగ్గర 1984లో క్లాస్ ప్రాజెక్ట్ కింద బడులకి వచ్చినవి ఈ మెషిన్లే. వాటి కోసం పేకాటలు వెతికేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

అపర్ణ_పిక్సెల్
బైట్ల లెక్కలు బాగున్నాయి. ఒక్క మాట మాత్రం నేరుగా చెప్తాను. ఈ ఆటల్లో చాలావాటిలో ఆడమనిషి ఆటగాడి అవతల కూర్చున్న మనిషి కాదు, గెలిస్తే దొరికే వస్తువు. సాంకేతికంగా గొప్ప పని అని చెప్పేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయకూడదు. అన్నీ ఒకటి కూడా కాదు. 1982లో మిస్టిక్ తెచ్చిన కస్టర్స్ రివెంజ్ ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారాన్ని వినోదంగా అమ్మింది, అమెరికాలో ఆదివాసీ సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. దాన్నీ లారీనీ ఒకే గాటన కట్టడం తప్పు. లారీలో ప్రతి జోకూ చివరికి లారీ మీదే పడుతుంది.

గోదారి_గట్టు
కస్టర్ అటారీ 2600 ఆట, కన్సోల్ కదా. ఇక్కడి చర్చ హోమ్ కంప్యూటర్ల గురించి.

అపర్ణ_పిక్సెల్
కన్సోల్ అని తెలుసు. ఈ రకం ఆటల మీద జనం అభిప్రాయం అక్కడే మొదలైంది, అందుకే చెప్పాను. హోమ్ కంప్యూటర్ ఉదాహరణే కావాలంటే ఇన్ఫోకామ్ 1986లో తెచ్చిన లెదర్ గాడెసెస్ ఆఫ్ ఫోబోస్ తీసుకోండి. స్టీవ్ మెరెట్జ్‌కీ రాశాడు. మొదట్లో బార్‌లో మీరు ఏ బాత్‌రూమ్‌లోకి వెళ్తే దాన్నిబట్టి మీ పాత్ర ఆడో మగో తేలుతుంది, మిగతా ఆట దానికి తగ్గట్టు మారుతుంది. మాటల ఘాటుకి మూడు స్థాయిలు: టేమ్, సజెస్టివ్, లూడ్. బొమ్మ ఒక్కటీ లేదు. ఎవరినీ వస్తువు చెయ్యకుండానే పెద్దల ఆట రాయొచ్చని 1986లోనే చూపించారు.

జెడ్‌_మెషిన్
అపర్ణ గారు చెప్పిన ఆట ఇన్ఫోకామ్ జెడ్-మెషిన్ (వాళ్ల అక్షరాల ఆటలన్నీ నడిచే ఊహా కంప్యూటర్) 3వ వెర్షన్ మీద నడుస్తుంది. కథ ఫైల్ 128 కె దాటకూడదు. అందులో ఇంత వచనం పట్టడానికి కారణం అక్షరానికి 5 బిట్లే వాడటం, మూడు అక్షరాలు రెండు బైట్లలో కూర్చుంటాయి. తరచుగా వచ్చే పదబంధాలకి పొట్టి సంకేతాలు అదనం. ఫ్రాట్జ్ లాంటి ప్రోగ్రామ్ ఉంటే ఇప్పటి ఫోన్ మీద కూడా నడుస్తుంది.
పెట్టెలో గీకి వాసన చూసే కార్డు వచ్చేది, ఏడు వాసనలు. ఆట మధ్యలో ఫలానా నంబర్ గీకమంటుంది. ఇప్పుడు పాత పెట్టె కొనేవాళ్లు ఆ కార్డు గీకని స్థితిలో ఉందో లేదో చూసుకోండి, ధరలో పెద్ద తేడా దాంతోనే.

రామప్ప_రెట్రో
ఈ రకం ఆటలకి లారీయే మొదలు అనుకుంటున్న, కరెక్టేనా?

పాతపుస్తకం
కాదు. చక్ బెంటన్ యాపిల్ 2 మీద యాపిల్‌సాఫ్ట్ బేసిక్‌లో రాసిన సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్, 1981. పూర్తిగా అక్షరాల ఆట. తర్వాత సియెర్రాగా మారిన ఆన్-లైన్ సిస్టమ్స్ అమ్మింది. దాని ప్రకటనలో వేడినీళ్ల తొట్టిలో కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు సంస్థ స్థాపకుల్లో ఒకరైన రాబర్టా విలియమ్స్. టైమ్ పత్రిక దాకా వెళ్లింది ఆ ఫొటో.
ఆరేళ్ల తర్వాత ఆల్ లో ఆ కథనీ, బార్, క్యాసినో, డిస్కో లాంటి ప్రదేశాలనీ, చిక్కుముడుల్నీ ఉంచుకుని మాటలు దాదాపు మొత్తం కొత్తగా రాసి లారీ 1 చేశాడు. అంతకుముందు ఆయన చేసినవి పిల్లల ఆటలు, డిస్నీ పాత్రలతో సహా.
జపాన్‌లో 1982లోనే కోయీ నైట్ లైఫ్ తెచ్చింది. మరుసటి ఏడాది నోబునాగా యుద్ధాల ఆటతో పేరు తెచ్చుకున్న సంస్థ ఇదే.
బ్రిటన్‌లో వయసు ముద్ర మొదట పడింది బూతుకి కాదు, భయానికి. సీఆర్‌ఎల్ వాళ్ల డ్రాక్యులాకి 1986లో సినిమా సెన్సార్ బోర్డు 15 సర్టిఫికెట్ ఇచ్చింది, 1987లో జాక్ ది రిప్పర్‌కి 18.

డీలర్_ఏస్
పేకాట వైపు ఎవరూ పోలేదు. ఇలాంటి ఆట సొంతంగా రాయాలనుకునేవాళ్లకి కొన్ని ముఖ్యమైన సంగతులు.
52లోంచి 5 కార్డులు, 25,98,960 చేతులు. వీటిలో ఏమీ లేనివి 50.12 శాతం, ఒక్క జత ఉన్నవి 42.26. అంటే ప్రత్యర్థి "జత ఉంటేనే పందెం" అనే నియమంతో ఆడితే సగం చేతులు వదిలేస్తుంది, ఆటగాడు పది నిమిషాల్లో కనిపెట్టేస్తాడు. బొంకడం (బ్లఫ్) తప్పనిసరిగా పెట్టాలి, అదీ యాదృచ్ఛికంగా.
కార్డులు మార్చేటప్పుడు లెక్కలు వెయ్యక్కర్లేదు, చిన్న పట్టిక చాలు. ఒకే గుర్తు (ఇస్పేటు లాంటిది) కార్డులు నాలుగుంటే అయిదోది వచ్చే అవకాశం 47లో 9. రెండువైపులా తెరిచిన వరసకి 47లో 8. జత ఉంచుకుని మూడు మారిస్తే మెరుగుపడేది సుమారు 29 శాతం. ఈ మూడింటితోనే ప్రత్యర్థి తెలివిగా కనిపిస్తుంది.
పేక కలపడానికి, పంచిన కార్డు మళ్లీ వస్తే ఇంకోటి తీసే పద్ధతి వాడొద్దు. చివరి కార్డుల దగ్గర నత్తనడక.

సత్తెనపల్లి_8బిట్
@డీలర్_ఏస్ చివరి మాటతో ఏకీభవించను. 52 కార్డులూ పంచితే సగటున 236 సార్లు తియ్యాలి, నిజమే. కానీ ఇద్దరి ఆటలో మార్పులతో కలిపి 20 కార్డులు మించవు. దానికి సగటున 25 సార్లు చాలు. బేసిక్‌లో కూడా తేడా తెలియదు, కోడ్ చిన్నదవుతుంది.

డీలర్_ఏస్
20కే అయితే మీరన్నది ఒప్పుకుంటాను. సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరస మొదలయ్యే విలువ) మాత్రం ఎవరూ మర్చిపోవద్దు. యాపిల్‌సాఫ్ట్ రాండమ్ మెషిన్ ఆన్ చేసిన ప్రతిసారీ అదే వరస ఇస్తుంది, అంటే రోజూ అవే కార్డులు. కీ కోసం ఎదురుచూసేటప్పుడు మెమరీలో 78, 79 స్థానాల్లో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. మొదటి కీ నొక్కాక ఆ రెండూ పీక్ ఆదేశంతో చదివి, మైనస్ గుర్తుతో రాండమ్‌కి ఇవ్వాలి. కమడోర్‌లో అయితే సౌండ్ చిప్ సిడ్ మూడో స్వరాన్ని నాయిస్‌లో పెట్టి దాని ఆసిలేటర్ చదివితే చాలు.

రామప్ప_రెట్రో
లారీల క్యాసినో గెలుసుడెట్ల? డబ్బులు అయిపోతున్నయ్.

ట్యాండీ_1000
పందెం ముందు సేవ్ చేసి, పెద్ద పందెం కాసి, పోతే రీస్టోర్. అప్పట్లో అందరి దారీ అదే. ఇంకో కీ కూడా గుర్తుంచుకో తమ్ముడూ: కంట్రోల్-బి నొక్కితే బాస్ వస్తున్నాడని తెర మీద గ్రాఫ్ వచ్చేస్తుంది. దూరం నుంచి చూస్తే ఆఫీసు పనిలా ఉంటుంది, దగ్గరికొచ్చి పేర్లు చదివితే దొరికిపోతావు.

తెలుగు_పార్సర్
ఏజీఐ లోపలి సంగతి అడిగారు కాబట్టి. బొమ్మలు చుక్కలుగా దాచరు. "ఇక్కడి నుంచి అక్కడికి గీత, ఈ చోట ఈ రంగు నింపు" అనే ఆదేశాలుగా దాస్తారు. ఆట బొమ్మ 160×168, చుక్క రెండింతల వెడల్పు. చుక్కలుగా అయితే 13,440 బైట్లు, ఆదేశాలుగా సాధారణంగా అందులో చిన్న భాగమే. బొమ్మ వెనకాల కనపడని రెండో తెర కూడా గీస్తుంది, మనిషి బల్లకి ముందున్నాడో వెనకున్నాడో, ఎక్కడ నడవకూడదో అందులో ఉంటుంది.
సందేశాల పాఠం మొత్తం ఏవిస్ డర్గన్ అనే పేరులోని అక్షరాలతో ఎక్సార్ (బిట్లని కలిపి మార్చే లెక్క) చేసి ఉంటుంది, హెక్స్ ఎడిటర్‌లో చూస్తే చెత్తలా కనిపిస్తుంది. అదే పేరుతో మళ్లీ ఎక్సార్ చేస్తే ఇంగ్లిషు బయటపడుతుంది.
లారీ కాకపోయినా ఏదో ఒక ఏజీఐ ఆటని తెలుగు చెయ్యాలని ఈ వేదికలో చాలామందికి ఉంది. అడ్డంకులు ఇవి. తెర మీద 40 నిలువు వరసలు, ఒక్కో అక్షరానికి 8×8 గడి. "ష్ట్ర" లాంటిది ఆ గడిలో పట్టదు, ఒత్తులకి కింద ఇంకో వరస కావాలి, అప్పుడు సందేశాల పెట్టెలో సగం వాక్యాలే పడతాయి. పదాల ఫైల్ మొదట్లో ఎ నుంచి జెడ్ దాకా 26 ఇంగ్లిషు అక్షరాలకే సూచిక ఉంటుంది, తెలుగు పదాన్ని ఇంగ్లిషు లిపిలో ఎక్కించక తప్పదు.
ఇంకా లోతైనది మన వ్యాకరణం. ఆటలో షరతు క్రియ ముందు, వస్తువు తర్వాత అని వరసగా సరిచూస్తుంది. మనం "తలుపు తెరువు" అంటాం. కాబట్టి ప్రతి షరతులో వరస తిప్పాలి. "తలుపు", "తలుపుని", "తలుపుకి" మూడూ ఒకే నంబర్ కింద చేర్చాలి. ఈ పని ఓపికగా చేస్తే సాధ్యమే, ఎందుకంటే పర్యాయపదాలకి ఒకే నంబర్ ఇచ్చే ఏర్పాటు ఇంజన్‌లో ముందే ఉంది.

అపర్ణ_పిక్సెల్
@తెలుగు_పార్సర్ విభక్తుల జాబితా మొదలుపెడితే నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఫాంట్‌కి 8×16 గడి పెట్టి సందేశాల్ని రెండు పెట్టెలుగా చీలిస్తే?

తెలుగు_పార్సర్
స్కమ్‌వీఎం సోర్స్ మార్చుకుంటే కుదురుతుంది. అసలు డాస్ ఇంటర్‌ప్రెటర్‌లో కుదరదు. వేరే చర్చ (థ్రెడ్) తెరుస్తాను, అక్కడ మాట్లాడుకుందాం.

పాతడిస్కు
లారీ ఇప్పుడు అన్ని విధాలా బాగుంది. నాలుగు ఛానెళ్ల పాట అద్భుతం. స్ట్రిప్ పోకర్ కూడా ట్రూ డ్రైవ్‌తో లేచింది. చివరి ప్రశ్న: అసలు 5.25 డిస్కులు కొన్ని దొరికాయి, ఒకదానికి రెండువైపులా డేటా. పీసీ డ్రైవ్, గ్రీజ్‌వీజల్ బోర్డు (ఫ్లాపీ డ్రైవ్ నుంచి ముడి సంకేతం చదివేది)తో కాపీ తియ్యొచ్చా?

ఫ్లక్స్_రావు
తియ్యొచ్చు, ఈ వరసలో చెయ్యండి.
ముందు డిస్క్ కవర్‌కున్న కిటికీలోంచి డిస్క్‌ని నెమ్మదిగా తిప్పి చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. మన కోస్తా తేమలో ఇది మామూలే. బూజుతో డ్రైవ్‌లో పెడితే హెడ్ మీద చేరి ఆ డిస్క్‌నీ, తర్వాతి డిస్క్‌నీ గీసేస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది రాలని గుడ్డ, ఒత్తిడి లేకుండా తుడిచి పూర్తిగా ఆరాకే పెట్టండి. ప్రతి డిస్క్ తర్వాత హెడ్ తుడవండి.
5.25 డిస్క్‌కి పక్కనున్న గంటు మూస్తేనే రక్షణ. 3.5కి దీనికి తిరగేసి, కన్నం తెరిచి ఉంటేనే రక్షణ. చాలామంది ఇక్కడ పొరబడి అసలు డిస్క్ మీద రాసేస్తారు.
1.2 ఎంబీ డ్రైవ్ నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది, 1541ది 300. ఫ్లక్స్ (డిస్క్ మీది ముడి అయస్కాంత సంకేతం) తీసేటప్పుడు ఈ తేడా సాఫ్ట్‌వేర్ సర్దుతుంది, మీరు డ్రైవ్ వేగాన్ని మార్చకండి. 80 ట్రాకుల డ్రైవ్ కాబట్టి రెండేసి అడుగులు వెయ్యమని చెప్పాలి.
రెండో వైపు దగ్గరే చిక్కు. 1541కి ఇండెక్స్ రంధ్రం (చుట్టు మొదలు చూపించేది) అక్కర్లేదు కాబట్టి అప్పట్లో డిస్క్ తిరగేసి రెండోవైపు రాసేవాళ్లు. పీసీ డ్రైవ్‌లో తిరగేస్తే రంధ్రం సెన్సర్‌కి ఎదురుగా రాదు. గ్రీజ్‌వీజల్‌లో నకిలీ ఇండెక్స్ ఆప్షన్ ఉంది, ముందు అది ప్రయత్నించండి. కొన్ని డ్రైవులు ఇండెక్స్ అందకపోతే డేటానే ఇవ్వవు, వాటికి ఫ్లిప్పీ మోడ్ అనే మార్పు డ్రైవ్‌లోనే చెయ్యాలి.
ఒక్కో ట్రాక్ కనీసం మూడు చుట్లు చదివించండి.

పాతడిస్కు
తీశాక జీ64 ఒక్కటి ఉంచుకుంటే చాలా?

ఫ్లక్స్_రావు
చాలదు. ముడి ఫ్లక్స్ ఫైల్ కూడా అలాగే దాచండి. జీ64 అందులోంచి ఎప్పుడైనా తయారుచేసుకోవచ్చు, తిరగేసి చెయ్యలేం. డిస్క్ లేబుల్ రెండువైపులా 600 డీపీఐలో స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఏ వైపు ఏదో ఫైల్ పేరులోనే ఉండాలి.